నూరో చేరెడు

ఏడామడల బూడిద నేల తొక్కి ఎనిమిదో ఆమడలో అడుగుపెట్టేసరికి యువరాజు మణికేతుడికి తండ్రిగారి సింహాసనం గుర్తులేదు, సరిహద్దులో తన కోసం ఎదురుచూస్తున్న సేనలూ గుర్తులేవు. పొద్దున నీలాసాని మూట విప్పి, ఒకసారి చూసి, మళ్ళీ బిగించి కట్టేసిన అటుకులు మాత్రం గుర్తున్నాయి.

"నీలాసానీ, ఒక్క చేరెడు అటుకులు పెట్టరాదూ" అన్నాడు.

"ఏ దేశపు చేరెడు యువరాజా?" అంది ఆమె వెనక్కి తిరగకుండానే.

మణికేతుడు నాలుక కరుచుకున్నాడు. ఈ నెల్లాళ్ళ ప్రయాణంలో ఆ ఒక్క మాట దగ్గర అతను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు.

ఆ అవస్థ చెప్పేముందు, వీళ్ళెవరో, ఈ బూడిదలో వీళ్ళకేం పనో చెప్పుకోవాలి. శాలివాటి రాజ్యంలో కళ్ళాలన్నిటికీ పెద్ద కొలగాడు బుచ్చన్న. పంట ఇంటికొచ్చేవేళ రైతుల ధాన్యం కొలిచిపెట్టడం అతని పని. ఆ దేశంలో కొలతలన్నిటికీ తల్లి చేరెడు. కుడి అరచెయ్యి దొప్పలా ముడిచి, గింజలు నింపి, బొటనవేలితో పైన సరిచేస్తే ఎంత నిలిస్తే అంత. నలభై ఏళ్ళుగా కొలుస్తున్నా బుచ్చన్న చెయ్యి ఒక్క గింజ వెలితి కొలిచి ఎరగదు. ఆ మంచి పేరే అతని కొంప ముంచింది. ఉలూకదుర్గంలో ఉండే ఘూకనేత్రుడనే మాంత్రికుడు ఎప్పటినుంచో అలాంటి చేతి కోసం వెతుకుతున్నాడు. వెలితి ఎరగని చేత్తో నూరు చేరెళ్ళ బూడిద కొలిపించి, ఒకటి నుంచి నూరు దాకా లెక్క తప్పకుండా పైకి అనిపిస్తే, నూరుగురు బూడిద వీరులు లేచి నిలబడతారు. వాళ్ళకు చావు లేదు. వాళ్ళు మొదట తొక్కేది శాలివాటినే. అందుకని మూడు నెలల కిందట వాడు గద్దలా వచ్చి, కళ్ళంలో ధాన్యం కొలుస్తున్న బుచ్చన్నను రాశి మీంచి ఎత్తుకుపోయాడు. ఎటు పోయాడో జాడ దొరకడానికే రెండు నెలలు పట్టింది. దొరకగానే తండ్రిని తెచ్చుకుంటానని కూతురు నీలాసాని బయల్దేరింది. రాజ్యాన్ని కాపాడతానని యువరాజు వెంట బయల్దేరాడు. ఇద్దరిలో ఎవరు ఎవరికి తోడో ఇప్పటికీ తేలలేదు.

ఇక చేరెడు సంగతి. ఉప్పుమడుల సీమలో చేరెడంటే నేల. ఒక మనిషి ఒక్క పూటలో ఉప్పు తీయగలిగినంత మడి. "మా తాతకు మూడు చేరెళ్ళుండేది నాయనా, ఇప్పుడు నాకు అర చేరెడు మిగిలింది" అని ఒక ముసలాయన కంటతడి పెట్టుకుంటే, మణికేతుడు జాలిపడి తన వంతు బియ్యంలోంచి ఇంత తీసి ఆయన ఒళ్ళో పోశాడు. ముసలాయన ఆ బియ్యంకేసి, అతనికేసి చూసిన చూపు తలచుకుని నీలాసాని రెండు రోజులు నవ్వింది. మంచుకోన గూడేల్లో చేరెడంటే కాలం. దోసిట్లో కాదు, ఒక్క చేతిలో పట్టిన నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి పూర్తిగా కారిపోయేంత సేపు. "చేరెడుసేపు ఉండండి" అని వెళ్ళిన గూడెం పెద్ద, యువరాజు కూర్చుని కాళ్ళు చాపుకునేలోపే తిరిగొచ్చాడు. పడవలవాళ్ళ దేశంలో అది చుట్టరికం. ఒకరి అరచేతిలోంచి ఇంకొకరు నీళ్ళు తాగితే వాళ్ళిద్దరూ చేరెడు చుట్టాలు, విడివిడి పడవలెక్కకూడదు. రేవులో చెంబు లేక నీలాసాని చేతిలోంచి నీళ్ళు తాగిన పాపానికి, మణికేతుడు ఆ ఏరు దాటినంతసేపూ పడవలో ఆమె పక్కనే కూర్చోవలసి వచ్చింది. అందుకు అతను ఏమాత్రం విచారించలేదు.

సాలెల పట్టణంలో మాత్రం ఎవరూ ఏమీ నేర్పకుండానే అతను స్వయంగా ఒక మాట అన్నాడు. "నీలాసానీ, నీవి చేరెడేసి కళ్ళు."

"కొలిచారా?" అంది ఆమె.

"కొలవనిస్తే కదా."

ఆ తర్వాత కోసు దూరం ఆమె అతనికి పది అడుగుల ముందే నడిచింది.

విన్న ప్రతి అర్థానికీ నీలాసాని పైటకొంగున ఒక ముడి వేసుకుంది. తండ్రికి చెప్పాలి. సూర్యుడొక్కడే అయినట్టు లోకమంతటా చేరెడొక్కటేనని బుచ్చన్న నమ్మకం. ఈ ముడులన్నీ విప్పి చెబితే ఆయన రెండు పూటలు అన్నం మానేసి అలుగుతాడు. ఆ అలకను చూడాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోతోంది. ఒక్కోసారి నడుస్తూ నడుస్తూ కొంగు తడుముకునేది. ముడులు చేతికి తగిలితే నాన్న బతికే ఉన్నాడనిపించేది.

బూడిద నేల చివర ఉలూకదుర్గం కనిపించింది. నల్లరాతి కొండను తలకిందులుగా పాతినట్టు, కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంది. కిటికీల్లేవు. గోడల నిండా తెరిచిన ముక్కులతో వేలకొద్దీ రాతి గుడ్లగూబలు. వాటి నోళ్ళలోంచి సన్నగా బూడిద రాలుతూ, కోట చుట్టూ పొగమంచులా తిరుగుతోంది. ద్వారానికి అటూ ఇటూ రెండు ఏనుగు పుర్రెలు, వాటి దంతాల మీద పగలే వెలిగే పచ్చని దీపాలు. ఆ ద్వారంలోకి తట్టలు నెత్తిన పెట్టుకుని బారులు తీరి వెళుతున్నారు మట్టిమనుషులు. వాళ్ళకు ముఖాలున్నాయి గానీ ముఖాల్లో ఏమీ లేదు. కళ్ళ స్థానంలో రెండు వేలిగుంటలు. మాటా లేదు, చప్పుడూ లేదు.

"పగలు వాడికి కళ్ళు కనిపించవు, గుడ్లగూబ కళ్ళు. చెవులు మాత్రం కోట లోపల చీమ దగ్గినా వింటాయట" అని గుసగుసగా చెప్పింది నీలాసాని. "లోపల మీరు నోరు విప్పకూడదు. ఆకలి అని కూడా అనకూడదు."

"అది కష్టం" అన్నాడు మణికేతుడు.

ఆమె ముఖం తిప్పుకుని నవ్వింది. గుంటలో మట్టి కలిపి అతనికి నెత్తి నుంచి పాదాల దాకా పూసింది. అతను ఆమెకు పూశాడు, ముక్కు మీద అవసరం కంటే కాస్త ఎక్కువే పూశాడు. కత్తిని తట్టలో పెట్టి పైన బూడిద నింపారు. మట్టిమనుషుల వరుసలో చివర ఇద్దరై ద్వారం దాటారు.

లోపల పెద్ద ముంగిలి. నడినెత్తిన సూర్యుడు. ముంగిలి మధ్య కొండంత బూడిద రాశి. రాశి ముందు, ముగ్గుతో గీసిన పెద్ద వలయం పక్కన, ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎత్తుకుపోయేనాటికి ఇంకా నల్లగా ఉన్న జుట్టు ముగ్గుబుట్టయింది. వేళ్ళ చివరలు బూడిదకు పగిలి నెత్తురు చిమ్ముతున్నాయి. ఎడమకాలికి మాంత్రికుడి జడలతో పేనిన నల్లని గొలుసు.

"ఎనభై మూడే ఎనభై మూడు… ఎనభై మూడే ఎనభై మూడు…"

ఆ గొంతు నాన్నదేనని నీలాసాని వెంటనే పోల్చుకుంది. పుట్టిన దగ్గర్నుంచి కళ్ళాల్లో ఆ పాట వింటూ పెరిగింది. కొలిచే అంకెను మళ్ళీ మళ్ళీ అంటూ ఉంటే లెక్క తప్పదు. తలెత్తకూడదు, ఎవరూ పలకరించకూడదు. మధ్యలో లెక్క తప్పితే కొలిచినదంతా రద్దు, మళ్ళీ మొదటికి రావాలి. ఆ ఆచారం ఆసరాతోనే తండ్రి ఈ మూడు నెలలూ ఏదో ఒక వంకన లెక్క తప్పిస్తూ ఉండి ఉంటాడని ఆమె ఆశ. మరి ఇవాళ ఇంత నిఖార్సుగా ఎందుకు కొలుస్తున్నాడు?

బుచ్చన్న చేరెడు బూడిద వలయంలో పోశాడు. అది పోసిన చోటే సర్రున లేచి, తాటిచెట్టంత వీరుడై నిలబడింది. అప్పటికే ఎనభై మంది పైన నిలబడి ఉన్నారు, కళ్ళు మూసుకుని. నూరోవాడు లేస్తే అందరూ కళ్ళు తెరుస్తారు.

"ఎనభై నాలుగే ఎనభై నాలుగు…"

జవాబు ఆమెకు కొంచెం ఎగువన, రాతి పీఠం మీద దొరికింది. ఘూకనేత్రుడు అక్కడ కూర్చుని ఉన్నాడు. గుండ్రని పసుప్పచ్చ కళ్ళు, ఆ ఎండలో దేన్నీ పట్టుకోలేక ఊరికే అటూ ఇటూ తిరుగుతున్నాయి. ముఖానికి మించిన చెవులు. ఒళ్ళో గుడ్డ కప్పిన పంజరం. అందులోంచి సన్నని ఏడుపు వస్తోంది. "నాన్నా, నన్ను చంపేస్తారు నాన్నా…" అచ్చం నీలాసాని గొంతు.

"ఏడువు గోరింకా, సన్నగా ఏడువు" అని మాంత్రికుడు పంజరంతో గుసగుసలాడుతున్నాడు. "ఇన్నాళ్ళూ దగ్గొచ్చిందని, ఈగ వాలిందని లెక్క తప్పించిన కొలగాడు, కూతురి గొంతు వినగానే దారికొచ్చాడు. నూరు నిండి, నా ఆజ్ఞ వాడి నోట పలకనీ. ఆ తర్వాత వాడితోనూ పని లేదు, నీతోనూ పని లేదు."

నీలాసాని పళ్ళు బిగపట్టుకుంది. నూరు లోపల తండ్రికి తను కనబడాలి. నోరు విప్పకూడదు. మెల్లగా వరుస తప్పించి, తట్టతో సహా వలయం అవతలి అంచుకు నడిచి, సరిగ్గా ఆయన ఎదుట నిలబడింది. నిలబడి ఏం లాభం? కొలగాడు తలెత్తడు కదా. ఆయన కళ్ళు అరచేతినీ, అరచేతిలోని బూడిదనూ విడిచి రావడం లేదు. ఎనభై ఏడు. ఎనభై ఎనిమిది. తట్ట జారవిడుద్దామా, రాయి విసురుదామా అని ఆమె కిందామీదా అవుతోంది. ఇంత దగ్గరగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా నాన్న ఉన్నాడు. ఆయన వేళ్ళ పగుళ్ళు చూస్తుంటే ఏడుపొచ్చింది. బుగ్గ మీది మట్టి తడిసి చారలు కట్టింది.

"తొంభయ్యే తొంభై" అన్నాడు బుచ్చన్న, గొంతు కాస్త ఎత్తి, పాట ఆపి.

"పొలి పొలి" అంది నీలాసాని.

అనాలని అనలేదు. శాలివాటి కళ్ళాల్లో పది నిండినప్పుడల్లా కొలగాడు గొంతెత్తి ఆగుతాడు, రాశి పట్టేవాళ్ళు "పొలి పొలి" అని బదులు పలుకుతారు. పొలి అంటే వృద్ధి. రాశి తరగకూడదని, ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలని ఆ మాట. అయిదో ఏట నుంచి తండ్రి రాశి దగ్గర కూర్చుని ఆ బదులు పలికింది నీలాసానే. పది వినబడితే ఆమె నోరు ఆమెను అడగదు.

మణికేతుడు కళ్ళు మూసుకున్నాడు. మాంత్రికుడి చెవులు రెండూ ఆమెవైపు తిరిగాయి.

బుచ్చన్న తలెత్తాడు. నలభై ఏళ్ళలో కొలత మధ్యలో తలెత్తడం అదే మొదలు. మట్టి కొట్టుకుపోయిన ఆ ముఖాన్ని ఎగాదిగా చూశాడు. పంజరంలో గోరింక ఇంకా ఏడుస్తూనే ఉంది. దానికి ఏడుపు వచ్చుగానీ పొలి రాదు. చేతిలోని బూడిదను మెల్లగా రాశిలోకి వదిలేసి, దుర్గమంతా మారుమోగేలా అన్నాడు.

"లెక్క తప్పింది. మళ్ళీ మొదటికి."

ఎనభై తొమ్మిది మంది బూడిద వీరులూ నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే కూలి పోగులయ్యారు.

ఘూకనేత్రుడు పీఠం మీంచి ఎగిరి దూకాడు. "మట్టి ముద్దల్లారా, ఆ గొంతును పట్టుకోండి" అని అరిచాడు. మట్టిమనుషులు తట్టలు పారేసి నీలాసాని మీదికి మళ్ళారు. మణికేతుడు తట్టలోంచి కత్తి లాగి మాంత్రికుడి మెడ మీద వేటు వేశాడు. ఖంగుమంది. మెడకేమీ కాలేదు, కత్తి వంకరపోయింది. రెండో వేటుకు పిడి ఒక్కటే చేతిలో మిగిలింది. దాన్ని అతని ముఖాన కొట్టి, పక్కనే వేలాడుతున్న కంచుగంట తెంపుకుని, ఠంగు ఠంగున మోగిస్తూ ముంగిలికి అడ్డంగా పరుగు తీశాడు. చెవులతో వేటాడేవాడికి అంతకంటే హింస లేదు. మాంత్రికుడు తల పట్టుకుని గంట వెంట పడ్డాడు.

"పద నాన్నా" అని నీలాసాని తండ్రి చెయ్యి పట్టుకుంది. గొలుసు బిగుసుకుంది.

"ఇది నూరు నిండితేగాని ఊడదమ్మా. వాడి మంత్రమే అది. నూరు కొలిస్తే చెర విడుస్తుంది, కానీ ఆ రాక్షసులు లేస్తారు. నువ్వు పో తల్లీ. నిన్ను చూశాను, చాలు నాకు."

"నేను మాత్రం ఇంటికెళ్ళి ఎవరికి అన్నం పెట్టుకోవాలి?" అంది ఆమె కోపంగా, ఏడుస్తూనే. ఈలోగా మట్టిమనుషులు చుట్టుముట్టారు. గొలుసు సాగినంత మేరా తండ్రిని లాక్కుపోతే ఒక రాతితొట్టి తగిలింది. కొండరాతి పగులులోంచి సన్నని ధార అందులో పడుతోంది, బుచ్చన్న దాహానికి మాంత్రికుడు పెట్టించింది. నీలాసాని రెండు చేతులా నీళ్ళు ఎగజిమ్మింది. తడిసిన మట్టిమనిషి తడిసినట్టే మెత్తబడి, చేతులు జారి, కాళ్ళు జారి, ముద్దయిపోయాడు. మిగతావాళ్ళు తొట్టికి పది బారల దూరంలో ఆగిపోయారు. నీళ్ళంటే వాళ్ళకు ప్రాణభయం.

ఆమె ఆ ముద్దనూ, నీళ్ళనూ, గొలుసునూ మార్చి మార్చి చూసింది.

"నాన్నా, మంత్రంలో బూడిదే కొలవాలని ఉందా?"

"వెలితి లేని నూరు చేరెళ్ళు అనే ఉంది. కొలిచినది లేస్తుంది, కొలిచినవాడి మాట వింటుంది. వాడు నా చేత్తో కొలిపించి, నీ ఏడుపు వినిపించి, వాళ్ళకు తన మాట నా నోట చెప్పిద్దామనుకున్నాడు."

"అయితే నీళ్ళు కొలు."

బుచ్చన్న ముఖం మాడిపోయింది. చావు ఎదురుగా ఉన్నా అతనికి వృత్తి ముందు. "నీళ్ళు చేతిలో నిలుస్తాయటే? పోసేలోపల నాలుగు చుక్కలు కారతాయి. నా చేత్తో వెలితి కొలవమంటావా?"

"మంచుకోనవాళ్ళు ఆ కారిపోయేంత సేపునే చేరెడంటారు నాన్నా."

"కాలానికి చేరెడా?" బుచ్చన్న నిజంగానే నొచ్చుకున్నాడు. "ఎవరమ్మా ఆ మూర్ఖులు? చేరెడంటే…"

"తర్వాత పోట్లాడుదువుగాని. చెయ్యి ముంచు."

ఆయన అరచెయ్యి నీళ్ళలో ముంచి తీశాడు. నీలాసాని తన అరచేతిని ఆయన అరచేతి కింద, వేళ్ళ సందుల్లో వేళ్ళు ఆనేలా, దొప్ప కింద దొప్పలా పట్టింది. పై చేతిలోంచి జారిన చుక్క కింది చేతిలో నిలిచింది. రెండు చేతులూ కలిసి ఒక్కటిగా కదిలి, తొట్టి పక్క రాతి పళ్ళెంలో వంగాయి. ఒక్క చుక్క నేల మీద పడలేదు.

బుచ్చన్న ఆ పళ్ళెంకేసి చూసి, కూతురికేసి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"లాభమే లాభం" అని అందుకున్నాడు.

కొలగాడు ఒకటిని ఒకటి అనడు. మొదటి కొలతకు లాభం అని పేరు. అక్కణ్ణుంచి రెండే రెండు, మూడే మూడు. పళ్ళెంలో పోసిన ప్రతి చేరెడూ తెల్లగా మెరిసి, చిన్న బుడగై, కదలకుండా ఒదిగి కూర్చుంటోంది. పదికి నీలాసాని గుసగుసగా "పొలి పొలి" అంది. ఇరవై. ముప్పై. అవతల కంచుగంట ముంగిలి ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూనే ఉంది. మణికేతుడు మట్టిమనుషుల కాళ్ళ సందుల్లోంచి దూరుతున్నాడు, రాతి గుడ్లగూబల తలలెక్కి దూకుతున్నాడు, మాంత్రికుడి ఉత్తరీయం చివర పట్టుకుని అతని చుట్టూ అతన్నే తిప్పుతున్నాడు. అతనికి కాస్త సరదాగా కూడా ఉన్నట్టుంది.

యాభై తొమ్మిది దగ్గర గంట పగిలింది.

ముంగిలి ఒక్కసారి చెవులు మూసినట్టయింది. ఆ నిశ్శబ్దంలో బుచ్చన్న గొంతు ఎంత తగ్గించినా స్పష్టంగా వినబడింది. ఘూకనేత్రుడు తల తిప్పాడు. తన శత్రువు చెవి ఎటు పోతోందో చూసి మణికేతుడు ఉన్న బుర్రంతా ఉపయోగించాడు. గోడ పక్కకు పోయి, బుచ్చన్న గొంతును ఎంత బాగా అనుకరించగలడో అంత బాగా అనుకరిస్తూ, ఎలుగెత్తి కొలవడం మొదలుపెట్టాడు.

"ఒకటే ఒకటి… ఒకటే ఒకటి…"

నీలాసాని మనసులోనే అతన్ని తిట్టుకుంది. నెల్లాళ్ళు పక్కన నడిచి ఏం నేర్చుకున్నాడో ఈ రాజుగారబ్బాయి.

మాంత్రికుడు నవ్వాడు. "మూడు నెలలు రాత్రింబవళ్ళు ఆ పాట విని చెవులు కాయలు కాశాయి నాకు. కొలగాడెవడూ ఒకటి అనడురా పిచ్చివాడా" అని, గోడవైపు కనీసం తిరగకుండా, చేతులు చాచుకుని నేరుగా తొట్టివైపు నడిచాడు. ఒక్కో అంగకూ పది బారల నేల వెనక్కి పోతోంది.

డెబ్బై ఆరు. డెబ్బై ఏడు. బుచ్చన్నకు చెవులు లేవు, కళ్ళు లేవు. కొలతలో ఉన్నాడు. నీలాసానికి రెండూ ఉన్నాయి. వాడి నీడ తొట్టి మీద పడింది. వాడి గోళ్ళు తండ్రి జుట్టు దాకా వచ్చాయి. అంతలో మణికేతుడు పరుగెత్తుకొచ్చి వెనకనుంచి వాడి వీపు మీదికి లంఘించి, రెండు చెవులూ రెండు చేతులా పట్టి మెలితిప్పాడు. ఘూకనేత్రుడు దుర్గం అదిరేలా కేకపెట్టి వెనక్కి తూలాడు. తూలి, తిరిగి, ఒక్క విసురుతో యువరాజును మెడ పట్టుకుని గాలిలోకి ఎత్తాడు.

"రెండు చేతుల నీళ్ళ చప్పుడు నాకు వినబడుతోంది పిల్లా, నీ చెయ్యి తియ్యి. తియ్యకపోతే వీడి మెడ విరుస్తాను."

ఎనభై తొమ్మిది. చెయ్యి తీస్తే చుక్క జారుతుంది, లెక్క పోతుంది, నాన్న ఎప్పటికీ ఈ గొలుసులోనే. తియ్యకపోతే అతను. నీలాసాని మణికేతుడికేసి చూసింది. అతని ముఖం నల్లబడుతోంది. అయినా తల అడ్డంగా ఊపాడు. తియ్యొద్దని. ఇంత మట్టి కొట్టుకుని, ఇంత ఆకలితో, ఇంత తెలివితక్కువగా ఒకటే ఒకటి అని అరిచిన ఆ మనిషి మీద ఆమెకు ప్రపంచంలో ఎవరి మీదా లేనంత ప్రేమ వచ్చింది. ఏడుస్తూ చెయ్యి అలాగే ఉంచింది.

"తొంభయ్యే తొంభై."

"పొలి పొలి" అంది నీలాసాని.

"చచ్చినవాడి కంటే బతికినవాడే నాకు విలువ. అందుకే ఆగాను" అన్నాడు మాంత్రికుడు. అన్నాడే గాని తొట్టికి దగ్గరగా రాలేదు. పళ్ళెంలో బుడగలు ఇప్పుడు తళతళా ఊగుతున్నాయి, వాటి చల్లదనం అతనికి అంత దూరానికీ తగులుతోంది. తొంభై ఆరు. తొంభై ఏడు. తండ్రి చెయ్యి అలసటతో బరువెక్కింది. కూతురి చెయ్యి దాన్ని మోస్తోంది. తొంభై తొమ్మిది. రెండు చేతులూ ఆఖరిసారి నీళ్ళలో మునిగి, నిండుగా లేచి, వంగాయి.

"నూరే నూరు."

కాలి గొలుసు జడ విడినట్టు విడిపోయి, వెంట్రుకలు వెంట్రుకలుగా నేల రాలింది. బుచ్చన్న మూడు నెలల తర్వాత కాలు చాపాడు. ఆ వెంటనే రాతి పళ్ళెం అంచులు దాటి నీళ్ళు పొంగాయి. ఒక్కో బుడగా ఒక్కో మనిషై, ఎండలో వెండిలా మెరుస్తూ, తాటిచెట్టంత ఎత్తున, లోపల చేపలు కదులుతున్న దేహాలతో, నూరుగురు జలవీరులు ముంగిలి నిండా నిలబడ్డారు. మట్టిమనుషులు చూస్తూనే కరిగిపోయారు. నూరు తలలూ ఒక్కసారే బుచ్చన్న ముందు వంగాయి.

"ఏం సెలవు?" అన్నారు వాళ్ళు, ఏరు మాట్లాడినట్టు.

బుచ్చన్న దిక్కులు చూశాడు. జీవితంలో అతను ఎవరికీ ఏ పనీ పురమాయించి ఎరగడు.

"ఒక్కడు కదిలినా వీడి ప్రాణం పోతుంది" అన్నాడు ఘూకనేత్రుడు, మణికేతుణ్ణి డాలులా ముందు పట్టుకుని వెనక్కి నడుస్తూ. వెనక నల్లని గుహద్వారం ఉంది. దాని చీకట్లో అడుగుపెడితే వాడికి కళ్ళు వస్తాయి, తరవాత వాణ్ణి పట్టడం ఎవరి తరమూ కాదు. "కొలగాడా, నీ చెర విడిచింది. నీ కూతుర్ని తీసుకుని ఈ నూరుగురితో ఇంటికి పో. నేను అడ్డురాను. వీడొక్కణ్ణీ నాకు వదిలెయ్యి. నీకు వీడేమవుతాడని?"

మంచి బేరమే. మూడు నెలలుగా బుచ్చన్న కలలో కోరుకున్నది ఆ ఇంటి దారి ఒక్కటే. ఆయన ఆ మట్టి కొట్టుకుపోయిన కుర్రవాణ్ణి చూశాడు. ఇంతసేపూ కొలతలో ఉండి, అతనెవరో, ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో కూడా గమనించలేదు. కూతురివైపు తిరిగాడు.

"ఎవరమ్మా ఇతను?"

నీలాసాని తడి చేతులతో ముఖం తుడుచుకుంది. మట్టి పోయి ముఖం బయటపడింది. యువరాజని చెప్పొచ్చు. రాజ్యం, సింహాసనం, అన్నీ చెప్పొచ్చు. అవేవీ ఆమె నోటికి రాలేదు.

"మనవాడు నాన్నా" అంది. "ఇతను లేకుండా నేను ఇంటికి రాను."

గుహ అంచున, ఊపిరాడని మణికేతుడి ముఖం మీద ఒక పిచ్చి సంతోషం మెరిసింది. ఘూకనేత్రుడి మడమ చీకటిని తాకింది, మరుక్షణం ఇద్దరూ అందులోకి మాయమయ్యారు.

బుచ్చన్నకు కూతురి మాట చాలింది. పంచె ఎగగట్టి, కళ్ళంలో కూలివాళ్ళతో మాట్లాడినంత మామూలుగా నూరుగురివైపూ తిరిగాడు.

"విన్నారుగా నాయనలారా, అతను మా ఇంటివాడు. జాగ్రత్తగా తీసుకురండి. ముక్కులోకి నీళ్ళు పోనివ్వకండి" అన్నాడు.

నూరు కెరటాలూ ఒక్కసారే లేచి గుహలోకి దూకాయి. వాటి వెనకే, కొంగు నడుముకు చుట్టుకుని, ఆ చీకట్లోకి నీలాసాని కూడా దూకింది.